కొత్త చేతికి మోటారు సైకిలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



నూజివీడు సీమలో ప్రతి వేసవియందును మూడు విషయములు ఒక్కమారుగా సంభవించుచుండును. తోటలలో చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి కాయలు కోతకు వచ్చును. కాయ అమ్మిన పైకము రైతు చేతికి అందును. పదవ తరగతి, ఇంటరు పరీక్షల ఫలితములు వెలువడి, ఉత్తీర్ణుడైన కుమారుడు తండ్రి ముఖము వంక చూచును. ఆ చూపునకు అర్థము తెలియని ఇల్లు ఈ ప్రాంతమున లేదు. పది దినములు గడువకముందే వాకిట క్రొత్త మోటారు సైకిలు నిలుచును. దానికి పసుపు కుంకుమలు పెట్టుదురు. చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచి తొక్కింతురు. గుడి చుట్టు త్రిప్పుదురు. మరునాటినుండి ఆ కుర్రవాడు రోడ్డు మీదికి పోవును.

అదే మాసములలో ఆ రోడ్లమీద కాయల ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు రేయింబవళ్లు నున్న మార్కెట్టునకు పోవుచుండును. ఆగిరిపల్లి రోడ్డు గాని, హనుమాన్ జంక్షను రోడ్డు గాని, విస్సన్నపేట రోడ్డు గాని, ఆ దినములలో తీరిక యెరుగవు. రోడ్డుమీద రద్దీ హెచ్చిన కాలముననే అనుభవము లేని చేతులు దానిపైకి వచ్చుచున్నవి. ఈ ఉపన్యాసమునకు విషయము ఈ ఒక్క సంగతియే.

పూర్వము ఈ గ్రామములలో కోడెను కాడికి మప్పుట ఒక విద్య. క్రొత్త కోడెను తిన్నగా కాయల బండికి కట్టి బజారునకు తోలినవారు లేరు. మొదట దానిని అలవాటుపడిన ముసలి ఎద్దు ప్రక్కన కట్టెడివారు. వట్టి కాడిని మోయించెడివారు. పిదప వట్టి బండి, పిదప కొద్ది బరువు. అన్నియు కుదిరిన పిమ్మటనే నిండు బండి. ఈ క్రమము తప్పినచో బండి బోల్తా పడునని ప్రతి రైతును ఎరుగును.

కాలము మారెను. 1955లో మద్రాసు నగరమున బుల్లెట్టు బండ్ల కూర్పు ఆరంభమయ్యెను. ఆ తరువాతి దశాబ్దమున రాజదూతు బండ్లు వచ్చెను. 1980లో హోసూరునుండి టి.వి.యస్. 50, 1985లో హీరో హోండా సి.డి. 100 వెలువడినవి. కడపటి రెండు బండ్లు మోటారు వాహనమును సామాన్య రైతు వాకిటికి తెచ్చినవి. పాలకేను, ఎరువు సంచి, మామిడి గంప, బడికిపోవు పిల్ల, అన్నియు దానిమీదనే ప్రయాణము సాగించినవి. ఇది మేలే. దానిని కాదనువారు లేరు. అయితే ఎద్దు పోయి యంత్రము వచ్చెను గాని, మప్పెడి విద్య దానితో రాలేదు. కోడెను మప్పినంత ఓర్పుతో కుమారుని మప్పువారు నేడు అరుదు.

సైకిలు వచ్చినవానికి మోటారు సైకిలు దానంతట అదే వచ్చునని పలువురి నమ్మకము. ఈ నమ్మకమును పరీక్షించినవారు కలరు. అమెరికా దేశమున లాస్ ఏంజిలిస్ నగరమునందు హారీ హర్టు అను ఆచార్యుడు తన బృందముతో 900 మోటారు సైకిలు ప్రమాదములను, అవి జరిగిన చోటికే పోయి పరిశీలించి, 1981లో నివేదిక ప్రకటించెను. ప్రమాదమునకు గురియైనవారిలో 92 శాతము మంది ఏ శిక్షణయు లేక తమంత తామే గాని, బంధుమిత్రులవలన గాని నేర్చుకొన్నవారని తేలెను. సగముకంటె ఎక్కువమందికి, తాము నడుపుచున్న ఆ బండితో పరిచయము అయిదు నెలలకంటె తక్కువ. ప్రమాదము కంటబడిన క్షణమునుండి తప్పించుకొనుటకు దొరకిన వ్యవధి సాధారణముగా రెండు సెకనులకు లోపు. ఆ రెండు సెకనులలో పెక్కుమంది చేసిన పొరపాటు ఒక్కటే: వెనుక బ్రేకును గట్టిగా తొక్కి చక్రమును జారనిచ్చిరి, ముందు బ్రేకును తగినంత వాడలేదు.

ఈ చివరి మాట ఈ సీమవారికి ముఖ్యముగా వినదగినది. ముందు బ్రేకు పట్టిన బండి పల్టీ కొట్టునని ఇచట తండ్రులు కొడుకులకు చెప్పుచుందురు. అది సగము సత్యము. బ్రేకు పడగానే బరువంతయు ముందు చక్రముమీదికి ఒరుగును. కనుక బండిని ఆపు శక్తిలో ఎక్కువ పాలు ముందు చక్రమునదే. ఒక్కసారిగా బిగించిననే అది చేటు. నిమ్మకాయను పిండినట్లు క్రమముగా బిగించి, వెనుక బ్రేకును దానితో కలిపినచో బండి తిన్నగా నిలుచును. ఈ చిన్న విద్య చెప్పినంతమాత్రమున అబ్బదు. చేయికి అలవాటు కావలెను. రెండు సెకనులలో ఆలోచించుటకు వ్యవధి ఉండదు. చేయి ఎరిగియున్నదే చేయును.

ఈ దేశపు లెక్కలు గూడ ఊరట కలిగించునవి కావు. కేంద్ర రవాణా శాఖవారి నివేదిక ప్రకారము 2022వ సంవత్సరమున భారతదేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారు. శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. ఈ అంకెలలో ప్రతి ఒకటి వెనుకను ఒక ఇల్లు కలదు. ఆ ఇంట ఒక తల్లి కలదు.

ఇక, ఎట్టి బండి కొనవలెనను ప్రశ్న. కుర్రవాడు బొమ్మ చూచి ఎన్నుకొనును. తండ్రి వెల చూచి ఎన్నుకొనును. ఇద్దరును చూడవలసినది వేరు. నేర్చుకొనువాడు బండిపై కూర్చుండినపుడు రెండు పాదములును నేలకు చక్కగా ఆనవలెను. ఒరిగిన బండిని తానొక్కడే నిలబెట్టగలిగియుండవలెను. నూరు సి.సి. బండి బరువు సుమారు 110 కిలోలు. బుల్లెట్టు బరువు 190 కిలోలకు పైబడి ఉండును. మొదటి బండిగా బరువైనది కొన్నవాడు నడుపుట నేర్చుకొనుటకు బదులు మోయుట నేర్చుకొనును.

రెండవది, చక్రము. స్కూటరు నడుపుట సుళువు. గేర్ల బెడద లేదు. బడిపంతులమ్మలకు, కార్యాలయములకు పోవు స్త్రీలకు అది అనుకూలము. అయితే దాని చక్రములు చిన్నవి. పెద్ద చక్రము దాటిపోగల గుంటలో చిన్న చక్రము దిగబడును. తారు రోడ్డుపై తిరుగువారికి స్కూటరు తగును. తోటల బాటలలో దినమంతయు తిరుగువారికి మోటారు సైకిలు గాని, బరువు తక్కువైన మోపెడు గాని తగును. మూడవది, బ్రేకు. 2019 ఏప్రిల్ 1నాటికి అమలైన నిబంధన ప్రకారము 125 సి.సి. వరకు గల క్రొత్త బండ్లకు రెండు బ్రేకులును కలిసి పడు ఏర్పాటును, అంతకు మించిన బండ్లకు చక్రము బిగిసి జారకుండ కాపాడు ఏ.బి.యస్. అను ఏర్పాటును అమర్చసాగిరి. పాత బండి కొనువారు అంతకు పూర్వపు బండ్లలో ఈ రక్షణ సాధారణముగా ఉండదని గుర్తెరుగవలెను. పాత బండికి టైర్ల అరుగుదల, ముందు ఫోర్కు తిన్నదనము, గొలుసు, దీపములు చూచి, ఆర్.సి., బీమా కాగితములు సరిచూచుకొని పిమ్మట బేరమాడవలెను. నాలుగవది, వేగము. మొదటి సంవత్సరమున వేగము ఎక్కువైన బండి అక్కరకు రాదు, ఆపదకు వచ్చును.

నేర్పు క్రమము కోడెను మప్పిన క్రమమే. మొదట ఇంజను ఆపియే బండిని తోయుట, త్రిప్పుట, స్టాండు వేయుట నేర్వవలెను. పిదప ఆదివారమునాడు బడి ఆటస్థలమునందు గాని, కోత ముగిసిన పొలమునందు గాని క్లచ్చి మెల్లగా వదలుచు, మొదటి గేరులో నడక వేగమున పోవుట సాధింపవలెను. నెమ్మదిగా నడుపుటయే కష్టము. వేగముగా నడుపుట ఎవరికైనను వచ్చును. తరువాత సున్నముతో నేలపై ఒక గీత గీసి, గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వచ్చి ఆ గీత దాటకుండ ఆగుట, అది కుదిరిన పిదప 30 కిలోమీటర్ల వేగముతో వచ్చి ఆగుట పదేపదే చేయవలెను. ఇది చేయించని నేర్పు నేర్పు కాదు.

అప్పుడు రోడ్డు. మొదట తెల్లవారి రద్దీ లేనివేళ ఒంటరిగా పోవలెను. నేర్పువాడు మరొక బండిపై వెనుక రావలెను. అది కుదిరిన పిమ్మట వెనుక ఒక మనిషి, ఆ పిమ్మట బరువు, కట్టకడపట రాత్రి ప్రయాణము. చట్టము చెప్పునదియు ఇంచుమించు ఇదియే. ఎల్.ఎల్.ఆర్. తీసుకొన్న 30 దినములకు పిమ్మటనే అసలు పరీక్షకు పోవచ్చును. ఆరు నెలలు గడువు కలదు. నేర్చుకొనువాడు నేర్పువానిని తప్ప వేరొకరిని వెనుక ఎక్కించుకొనరాదు. ఆ 30 దినములు ప్రభుత్వమువారు పెట్టిన జాప్యము కాదు. అభ్యాసమునకు ఇచ్చిన అదను. పరీక్షా స్థలమునందు ఎనిమిది అంకె ఆకారమున బండి త్రిప్పినంతమాత్రమున విద్య పూర్తి కాలేదు. కారబైడుతో మాగవేసిన కాయ పైకి పసుపుపచ్చగా నుండి లోపల పుల్లగా ఉండును. అభ్యాసము లేక చేతికి వచ్చిన లైసెన్సు గూడ అట్టిదే.

వేగమును గూర్చి ఒక లెక్క చెప్పవలసియున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు 11 మీటర్లు పోవును. ఎదుట ఆపదను కన్ను చూచి చేయి బ్రేకు నొక్కునప్పటికి సుమారు ఒక సెకను గడచును. పొడిరోడ్డుమీద సామాన్యమైన బ్రేకుతో ఆగుటకు మరి 12 మీటర్లు కావలెను. మొత్తము 23 మీటర్లు. వేగము 80 కిలోమీటర్లైనచో ఆ సెకనులో 22 మీటర్లు, బ్రేకు పడిన పిమ్మట 49 మీటర్లు, మొత్తము 71 మీటర్లు. వేగము రెట్టింపుకాగా బ్రేకు దూరము నాలుగు రెట్లయ్యెను. పాత మామిడి తోటలో చెట్టునకు చెట్టునకు నడుమ సుమారు 10 మీటర్ల ఎడము ఉండును. 40 వేగములో వచ్చువాడు రెండు చెట్ల ఎడము దాటునప్పటికి ఇంచుమించుగా ఆగును; 80 వేగములో వచ్చువాడు ఏడు చెట్ల ఎడము దాటినగాని ఆగడు. తోటలో నిలుచుండి ఈ దూరమును కుమారునకు చూపిన తండ్రి వేయి మాటలు చెప్పనక్కరలేదు.

ఈ సీమ రోడ్లకు తమవైన ఆపదలు కొన్ని కలవు. తోటలనుండి వచ్చు ట్రాక్టరు చక్రములు ఎర్రమట్టిని తారుమీదికి తెచ్చును. తొలకరి చినుకు పడగానే అది నూనె పూసినట్లు జారును. రోడ్డుమీద ఆరబోసిన మొక్కజొన్న గింజలపై చక్రము నిలువదు. అట్టిచోట బ్రేకు పట్టక, మలుపు త్రిప్పక, ముందుగనే వేగము తగ్గించి తిన్నగా దాటవలెను. వేసవి గాలివానలో కొమ్మలు విరిగి రోడ్డుకు అడ్డముగా పడియుండును. కాయలు కోయు చిక్కపు గడను బండిపై అడ్డముగా పట్టుకొని పోవువారు కలరు. ఆ గడ ఎదురువచ్చువాని కంటిని వెదకుచు పోవును. వెనుక కాయల ట్రేలు హెచ్చుగా కట్టినచో ముందు చక్రము తేలికయై హ్యాండిలు మాట వినదు. చీకటి పడిన వేళ వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు, ఇంటికి మరలు గేదెల మంద, రెండును దగ్గరకు పోవువరకు కానరావు. తన దీపము చూపినంత దూరములో ఆగగల వేగమే రాత్రి వేగము.

2017 ఏప్రిల్ 1నాటికి అమలైన నిబంధనవలన క్రొత్త బండ్లకు ఇంజను నడచుచున్నంతసేపు పగలు గూడ ముందు దీపము వెలుగుచుండును. ఎదురువచ్చు పెద్దలు జాలిపడి, దీపము ఆర్పుమని వ్రేళ్లతో సైగ చేయుచుందురు. అది మరపువలన వెలిగినది కాదు. మోటారు సైకిలు తమకు కానరాలేదని ప్రమాదములో చిక్కిన ఇతర వాహనములవారు చెప్పుట సర్వత్ర వినబడు మాట. కానవచ్చుటకే ఆ దీపము.

వెనుక కూర్చుండు సోదరీమణులకు ఒక మాట. చీర చెరగు, చున్నీ గాలికి వదలక ఒడిలో చుట్టుకొనవలెను. వెనుక చక్రమునకు అమర్చిన చీర రక్షక కడ్డీ చట్టము కోరినది. అందము కొఱకు దానిని ఊడదీయుట తగదు. ఒక బండిపై నడుపువాని వెనుక ఒక్కరే ఎక్కవలెనని 1988 మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది.

శిరస్త్రాణమును గూర్చి ఒక చరిత్ర కలదు. అరేబియా లారెన్సు అని ప్రసిద్ధుడైన ఆంగ్లేయుడు 1935 మే 13న తన మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై పోవు ఇద్దరు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలెను. ఆరు దినములకు మరణించెను. అతడు క్రొత్తవాడు కాడు. అనేక సంవత్సరములు నడిపినవాడు. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కైర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము అతని మనస్సును విడువలేదు. మోటారు సైకిళ్లవారి తలగాయములను పరిశీలించి 1941లో తన వ్యాసమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు శిరస్త్రాణమును విధించెను. ఒక్క మనిషి మరణమునుండి ఒక వైద్యుడు నేర్చుకొన్న పాఠము లోకమునకు ఉపకరించెను. పలు దేశముల పరిశోధనలను కలిపి చూచి 2008లో ప్రకటించిన సమీక్షయందు, శిరస్త్రాణము మరణావకాశమును సుమారు 42 శాతము, తలగాయమును సుమారు 69 శాతము తగ్గించునని తేల్చిరి.

ఎండకు హెల్మెట్టు ఉక్క పోయునని ఈ ప్రాంతమున తరచు వినబడు సాకు. అదే మనిషి రోహిణి ఎండలో తలపాగా లేక తోటలోనికి అడుగిడడు. ఎండనుండి కాపాడుకొను తలను రాతినుండి కాపాడుకొనుట అధికము కాదు. ఐ.యస్.ఐ. ముద్ర గలదానినే కొనవలెను. తలకు బిగువుగా కూర్చుండి, తల ఆడించినను కదలకుండవలెను. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు పడునపుడు తలకంటె ముందుగా ఎగిరిపోవును. ఒకమారు గట్టి దెబ్బ తిన్నదానిని మరల వాడరాదు. వెనుక కూర్చుండు భార్యకు, పిల్లవానికి లేక, నడుపువానికి మాత్రమే ఉన్న రక్షణ సగము రక్షణ.

ఇప్పుడు తండ్రులకు చెప్పవలసిన మాట. గేర్ల మోటారు సైకిలు నడుపుటకు చట్టము విధించిన వయస్సు 18 సంవత్సరములు. పదవ తరగతి ఉత్తీర్ణుడైన బాలునకు అప్పటికి పదునైదో పదునారో ఏండ్లు. 2019లో చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము జరిగినచో తల్లిదండ్రులకు గాని, బండి యజమానికి గాని మూడు సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా కలవు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లభింపదు. శిక్షకంటె పెద్ద సంగతి మరొకటి కలదు. “నాన్నా, సెంటరు దాకా పోయి వత్తును” అని అడిగిన కుమారునకు తాళము చెవి ఇచ్చు చేయి తండ్రిదే. ఇయ్యననుట ప్రేమ లేకపోవుట కాదు. పూతకు వచ్చిన చెట్టును చూచి మురిసిన రైతు, పిందెనాడే కాయను కోయడు గదా!

ప్రమాదము జరిగినచో చేయవలసినది గూడ తెలిసియుండవలెను. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవకు వెంటనే ఫోను చేయవలెను. పడినవానిని మెడ వంచి, కాళ్లు చేతులు పట్టి ఆటోలో కుదియరాదు. నోట నీరు పోయరాదు. సాయము చేసినవారు సాక్ష్యములలో చిక్కుకొందురని వెనుకటి భయము. 2019 సవరణలో చేరిన 134-ఏ సెక్షను సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పించినది. కనుక చూచి పోవుటకు సాకు లేదు.

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము అక్షరమును ఇంటింటికి అందించినది. ఇంకొక పని దీనికి తగియున్నది. రోడ్డు నియమముల తెలుగు పుస్తకములను పఠనాలయపు బల్లపై ఉంచవచ్చును. వేసవి ఆరంభమున, కాయ కోతకు ముందుగా, నాలుగు ఆదివారములు బడి ఆటస్థలమునందు సున్నపు గీత గీసి, గ్రామమున ప్రమాదమెరుగక ఏండ్ల తరబడి బండి నడిపిన పెద్దలచేత యువకులకు, యువతులకు బ్రేకు పాఠము చెప్పింపవచ్చును. పుస్తకము అరువిచ్చునట్లే, మూడు కొలతలలో మూడు మంచి హెల్మెట్లను నేర్చుకొనువారికి అరువియ్యవచ్చును. ఖర్చు స్వల్పము; ఫలము ఏ పద్దులోను వ్రాయుటకు వీలుకానిది. జరుగని ప్రమాదమునకు లెక్క ఉండదు. ఆ సాయంకాలము ఒక కుమారుడు ఇంటికి వచ్చి, స్టాండు వేసి, “అమ్మా, అన్నము పెట్టుము” అనును. అంతే.

ముసలి ఎద్దు ప్రక్కన కోడెను కట్టిన పెద్దలు ఈ సభలో ఇంకను కొందరు ఉన్నారు. వారు ఆ ఓర్పును బిడ్డలకు అందించిన చాలును. బండి ఎవరైనను కొనిపెట్టగలరు. చేతికి అదను వచ్చువరకు ఆగగలవాడే తండ్రి.

స్వస్తి.